ఇరవై ఆరు గడపల పుంజు

ఇరవై ఒకటో రోజు గడిచిపోయింది. ఇరవై రెండో రోజు కూడా పొద్దు బారెడెక్కింది. గంపలోంచి ఒక్క కిచకిచ లేదు.

నీలవేణి అప్పటికి నాలుగోసారి వచ్చి గంపకి చెవి ఆనించింది. లోపల చుక్కల పెట్ట రెక్కలు పరుచుకుని, కళ్ళు సగం మూసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. దాని కింద పదమూడు గుడ్లు. మామూలుగా అయితే నిన్న మధ్యాహ్నానికే పెంకులు చిట్లాలి. చీకటి పడేలోగా పెట్ట రెక్కల సందుల్లోంచి బుల్లి ముక్కులు బయటికి రావాలి.

“అత్తా, పిల్లలు దిగాయేటి?” లోపల్నించి కోడలు గాయత్రి కేకేసింది.

“దిగుతాయిలే. నువ్వు లెగిసి రాకు గుంటా, మెట్టు కాడ తడిగా ఉన్నాది.”

అంటూనే పెట్ట కడుపు కింద చెయ్యి పెట్టింది. పెట్ట చురుక్కున పొడిచింది. పొడవనీలే అనుకుని ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. రెండోది తీసింది. దానిలోనూ లేదు. మూడోదానికి ఆవగింజంత కన్నం పడింది. కన్నంలోంచి ముక్కు కొస కనబడుతోంది, కదలడం లేదు. గోటితో మెల్లిగా పెంకు వలిచింది.

పిల్ల నిండుగానే తయారైంది. నూగు ఉంది, గోళ్ళున్నాయి. కానీ పై ముక్కు ఒక పక్కకి, కింది ముక్కు ఇంకో పక్కకి తిరిగి, తెరిచిన కత్తెరలా ఉంది. ఆ ముక్కుతో పెంకు పగలగొట్టుకోలేక లోపలే ఊపిరి పోయింది.

నీలవేణి అడ్డాకు ఒకటి తెచ్చి ముందర పరుచుకుని మిగతావీ ఒక్కొక్కటీ వలిచింది. నాలుగింట్లో ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆరింట్లో పిల్లలు పెరిగి పెరిగి ఆగిపోయాయి. ఒకదానికి ఒకటే కన్ను. ఒకదాని కాలివేళ్ళు పిడికిలిలా ముడుచుకుపోయాయి. ఆఖరి రెండింట్లో ప్రాణం ఉంది. ఒకటి ఆమె అరచేతిలోనే రెండుసార్లు నోరు తెరిచి ఆగిపోయింది. రెండోది బతికే ఉంది గానీ, నేలమీద పెడితే కాళ్ళు చెరోపక్కకి జారిపోతున్నాయి.

ఇరవై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్న మనిషి. గద్ద తన్నుకుపోవడం చూసింది. ముంగిస గూట్లో దూరి ఒక్క పూటలో తొమ్మిది పెట్టల్ని కొరికిపోవడం చూసింది. కొక్కెర తెగులు వచ్చి మందకి మంద ఊడ్చుకుపోవడం చూసింది. భూమ్మీద పడకముందే ఇలా వంకరలు పోవడం మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఏటత్తా అది?”

గాయత్రి వద్దన్నా వచ్చి వెనకాల నిలబడింది. అయిదో నెల కడుపు. నీలవేణి గబుక్కున అడ్డాకు మడిచేసింది.

“ఏటీ నేదు. మురిగిపోయాయి.”

“అన్నీనా?”

“అన్నీ. ఎల్లు లోపలికి.”

గాయత్రి వెళ్ళలేదు. మడిచిన ఆకు వైపు చూస్తూ, తెలియకుండానే పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి నీలవేణి కంటపడింది. పోయినేడు ఇదే గాయత్రికి ఏడో నెలలో కడుపు పోయింది. ఈసారి నర్సమ్మ వచ్చి చూసి, నెత్తురు చాలా తక్కువగా ఉంది, రోజుకో గుడ్డు తప్పకూడదు, వారానికి రెండుసార్లు మాంసం పడాలి అని గట్టిగా చెప్పి వెళ్ళింది. కొడుకు కామేష్ బొర్రాలో గుహల దగ్గర టూరిస్టుల జీపు తోలుతాడు, వారానికోసారి వస్తాడు. కోడలి కడుపు భారం అత్తదే. అత్త భారం కోళ్ళది.

ఆ కోళ్ళంటే ఊరికి ఊరే చెప్పుకునేది. పెదబయలు సంతకి రెండు కొండల ఇవతల, ఇరవై ఆరు గడపల ఊరు వాళ్ళది. అయిదేళ్ళ కిందట ప్రభుత్వం వాళ్ళు ఇంటికి ఇరవై మేలు రకం రంగు కోడిపిల్లలు పంచారు. ఆ ఏడు వచ్చిన తెగులుకి ఊళ్ళో ఆ పిల్లలన్నీ పోయాయి. నీలవేణి ఇంట్లో మాత్రం ఒక్క పుంజు మిగిలింది. ఎర్రటి మెడ, నల్ల తోక, కుడికాలు కాస్త ఎత్తి వేసే నడక. పోలీసు క్యాంపు జవానులా నడుస్తోందని దానికి జవాను అని పేరు పెట్టింది.

రంగు పెట్టలు గుడ్లు బాగా పెడతాయి గానీ పొదగవు. నాటు పెట్టలు పొదుగుతాయి గానీ పది గుడ్లు పెట్టి ఆపేస్తాయి, వాటి పుంజులు ఏడాది పెంచినా కిలోన్నర దాటవు. నీలవేణి జవానుని తన బొల్లి నాటు పెట్టతో కలిపింది. వచ్చిన పిల్లల్లో మంచివి ఏరుకుంది. మళ్ళీ వాటి పిల్లల్లో మంచివి ఏరుకుంది. చోళ్ళ తవుడు పెట్టింది, కుండలో పేడ వేసి చెదలు పట్టించి పిల్లలకి దులిపింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆమె పెట్టలు ఇరవై గుడ్లు పెట్టి, బుద్ధిగా కూర్చుని పొదిగేవి. పుంజులు ఆరు నెలలకే మూడు కిలోలు తూగేవి. ఇంట్లోకి గుడ్డు, ఇంట్లోకి కూర, రెండూ ఒక్క మందలోంచే.

ఊరి అలవాటు ప్రకారం అందరికీ పాలుకి ఇచ్చింది. అంటే ఒక జత పిల్లల్ని ఇస్తే, అవి పెరిగి మొదటిసారి పొదిగాక రెండు పిల్లల్ని వెనక్కి ఇవ్వాలి. అలా ఇచ్చినవి ఇచ్చింది, వచ్చినవి మందలో కలుపుకుంది. జవాను కొడుకుల్ని చూశాక తమ ఇంట్లో బక్క పుంజుల్ని ఎవరూ ఉంచుకోలేదు. ఒక్కొక్కరే కోసుకు తినేశారు.

అంతా బాగానే నడిచింది. పోయినేడు పదమూడు గుడ్లకి తొమ్మిదే దిగాయి. ఉరుములకి గుడ్లు చెడిపోయాయని సరిపెట్టుకుంది. మొన్న వానాకాలంలో ఆరు దిగాయి. గంపలో ఇనపముక్కా బొగ్గూ పెట్టడం మరిచిపోయానని తనని తానే తిట్టుకుంది. ఈసారి రెండూ పెట్టింది. ఒక్కటి దిగింది, అదీ నిలబడదు.

బతికినదాన్ని పెట్ట కింద పెట్టి, పెరటి వెనక గొయ్యి తీసి ఆకు విప్పుతుండగా తాతారావు వచ్చాడు. పక్కింటి వాడు, వరసకి మరిది. ఈ పొదుగులో ఒక జత తనకని ముందే చెప్పుకున్నాడు.

“ఏటొదినా, నా పిల్లలకి ఇల్లు కడతన్నావా?” అని నవ్వుతూ వచ్చినవాడు గోతిలోకి చూసి నవ్వు మింగేశాడు. “ఓలమ్మ! ఏటిది?”

“నాకేటి తెలుసు! అన్నీ ఇలాగే ఉన్నాయి.”

తాతారావు కత్తెర ముక్కు పిల్లని పుల్లతో తిప్పి చూశాడు. “ఇది మంచిది కాదొదినా. పొదుగు కూకోబెట్టిన్నాడు ఎవులైనా సూసారా?”

నీలవేణి ఆలోచించకుండానే అనేసింది. “యర్రమ్మ పెద్దత్త ఒక్కతే. దడి కాడ నిలబడి సానాసేపు సూసింది. పొదుగు ఏళ ఎదురు నిలబడకు పెద్దత్తా అన్నాను. ఎల్లిపోనాది.”

ఆమె అన్నది అంతే. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అంటున్నప్పుడు మడిచిన ఆకు మీద గాయత్రి చూపు, పొట్ట మీద చెయ్యి ఆమె మనసులో ఉన్నాయి. ఆ భయం గొంతులోకి వచ్చింది. తాతారావు మాట కంటే గొంతునే ఎక్కువ విన్నాడు.

మధ్యాహ్నం కొళాయి దగ్గరికి వెళ్ళేసరికి ఆడవాళ్ళు బిందెలు పక్కనపెట్టి గుసగుసలాడుతున్నారు. ఆమెని చూసి దారి ఇచ్చారు, చావింటి మనిషికి ఇచ్చినట్టు.

“మా ఇంట్లో కూడా పోయిన పొదుగు అయిదే దిగాయి నీలేనీ.”

“మాకు రెండు. ఒకదానికి మెడ తిరిగిపోనాది.”

“ఊరంతా ఇలాగే ఉంటే ఇంకేటి? సిల్లంగే.”

ఆ మాట చెవిన పడగానే నీలవేణి బిందె కింద పెట్టింది. చూపుతో, మాటతో ప్రాణాలు తోడేసే విద్యని ఆ కొండల్లో చిల్లంగి అంటారు. ఆ పేరు ఒకసారి పడితే ఆ మనిషికి ఊళ్ళో నీళ్ళు పుట్టవు. ఊరు దాటించేస్తారు. అంతకంటే ఘోరాలు జరిగిన ఊళ్ళూ ఉన్నాయి.

“ఎవులన్నారు ఆ మాట?” అని అడిగింది.

“నువ్వే కదా అన్నావు,” అన్నారు వాళ్ళు ఆశ్చర్యంగా.

నీలవేణి నోరు తెరిచింది. నేను అనలేదు అని ఆ పూటే గట్టిగా అరవాల్సింది. అరవలేదు. ఎందుకంటే, నిజం కాదని ఆమెకీ గట్టి నమ్మకం లేదు. ఏమో, నిజమే అయితే? ముసలిది అంతసేపు ఎందుకు చూసినట్టు? గుడ్లలో పిల్లల్ని అలా చేసిన చూపు కోడలి కడుపు మీద పడితే? బిందె నింపుకుని తలొంచుకుని ఇంటికి వచ్చేసింది. ఆ పూట గాయత్రి అన్నం పెట్టింది.

“అత్తా, ముసలమ్మని ఏటి సేత్తారు?” అని గాయత్రి అడిగింది.

“నాకేటి తెలుసు. పెద్దోళ్ళు సూసుకుంటారు.”

“ఆవిడ నాకు రోజూ కొండ ఆకుకూర తెచ్చి ఇత్తాది అత్తా. నెత్తురు పడతాదని.”

నీలవేణి కంచం తీసుకుని పెరట్లోకి నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం ఊరి పెద్ద గాసి వాకిట్లో కూడిక పెట్టారు. వాకిట్లో ఆరబోసిన కాఫీ పళ్ళని ఒక పక్కకి ఊడ్చి, మగవాళ్ళు ముందర, ఆడవాళ్ళు వెనక కూర్చున్నారు. యర్రమ్మ అప్పటికే వచ్చి మధ్యలో గొంతుక్కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పక్కన ఒక మూట ఉంది. మూటలోంచి కొడవలి పిడి పొడుచుకొచ్చి కనబడుతోంది. కూడిక ఏం తేలుస్తుందో ముందే తెలిసినట్టు మూట కట్టుకునే వచ్చింది.

గాసి గొంతు సవరించుకున్నాడు. “యర్రమ్మా, ఊరు ఒక మాట అంటంది. నీ మాటేటి?”

“నా మాట ఇనకముందే నా ఇంటి పెంకులు దింపీసారు కద బావూ. ఇంక నా మాటెందుకు?”

గాసి ఉలిక్కిపడ్డాడు. “ఎవులు దింపారు?”

 తాతారావు నేలమీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. వాడి మోచేతుల దాకా పెంకుల మసి ఉంది.

 నిన్న పొద్దున్న నీలవేణి అన్న నాలుగు ముక్కలు, ఇవాళ మధ్యాహ్నానికి ఒక ముసలిదాని ఇంటి కప్పు పీకేశాయి.

“సరే, అడిగారు గాబట్టి సెప్తాను,” అంది యర్రమ్మ. “సెప్పడం కాదు, ఒక్కటి అడుగుతాను. మిమ్మల్ని కాదు. నీలేనిని.”

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నీలవేణి లేచి నిలబడింది.

“ఓలె, నీ కోళ్ళ పుట్టుపూర్వం నీకు తెలుసా?”

ఏమీ తోచని ఆ స్థితిలో కూడా నీలవేణికి కొంచెం ఉక్రోషం వచ్చింది. తన కోళ్ళ పుట్టుపూర్వం తనకి తెలియకపోవడమేమిటి! ఆ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి మాట వచ్చినా ముందు ఆమెనే పిలుస్తారు. వాళ్ళంతా కిల్లో వాళ్ళు, పులి వంశం. కిల్లో పిల్లని కిల్లో ఇంటికి ఇవ్వరు. ఎంత దూరపు ఊరివాళ్ళైనా సరే, ఒక్క వంశమైతే అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క. ఎవరి ఆడపడుచు ఎవరింట మెట్టిందో, తల్లివైపు ఏ వంశమో నాలుగు తరాలు తడుముకోకుండా చెప్పగల మనిషి నీలవేణి. మూడేళ్ళ కిందట కుదిరిపోయిన సంబంధాన్ని, ముత్తమ్మమ్మ పేరు గుర్తుచేసి తనే తప్పించింది.

“తెలియకేం,” అంది.

“అయితే సెప్పు. నిన్న పాడైపోయిన గుడ్లు పెట్టినదెవులు?”

“సుక్కల పెట్ట.”

“దాని తల్లి?”

“గోధుమ పెట్ట. పద్దెనిమిది గుడ్లు పెట్టి పద్దెనిమిదీ పిల్లలు సేసినాది.”

“తండ్రి?”

“పెద్ద జవాను.”

“మరి ఆ గోధుమ పెట్ట తండ్రెవులు?”

“అదీ పెద్ద జవానే. బొల్లి పెట్టకి మొదటి పొదుగులో...”

నీలవేణి ఆగిపోయింది.

 యర్రమ్మ గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“ఇప్పుడు నీ ఇంట్లో తిరుగుతున్న పుంజు?”

“సిన్న జవాను.”

“దాని తల్లి?”

 చుట్టూ కూర్చున్న ఊరంతా నీలవేణి మాట కోసం చూస్తోంది. చివరికి తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

“గోధుమ పెట్ట. సుక్కలదీ అదీ... ఒక్క పొదుగే. ఒక్క గంపలోవే.”

ఆడవాళ్ళలో ఎవరో “అమ్మో” అని నోరు నొక్కుకున్నారు. వెనకనించి ఒక కుర్రాడి గొంతు, “అన్నాసెల్లెళ్ళకి కాపురం ఎట్టిసావేటి పిన్నీ!” అంది. నలుగురు నవ్వారు. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది. ఎందుకంటే అందరికీ ఒకేసారి తమ తమ పెరళ్ళు గుర్తొచ్చాయి.

నీలవేణి నిలబడిన చోటే చతికిలబడింది. తండ్రికి కూతుర్ని కట్టబెట్టింది. ఆ కూతురి కడుపున పుట్టిన అన్నకి చెల్లెల్ని కట్టబెట్టింది. మనుషుల్లో నాలుగు తరాలు వెతికే తను, ఏరి ఏరి, దగ్గరుండి, చోళ్ళ తవుడు పెట్టి మరీ ఈ పని చేసింది.

తాతారావు మాత్రం లేచాడు. వాడికి వెనక్కి తగ్గడం కష్టంగా ఉంది. “కోళ్ళకి వంశాలేటి పెద్దమ్మా? మన తాతల నాటినించీ కోళ్ళు పెంచలేదా? అప్పుడు ఎవులు సూసారు వంశం?”

“నీ మేకపోతుని రెండేళ్ళకోసారి సంతలో ఎందుకు మారుత్తావురా?” అంది యర్రమ్మ.

“అది... పోతు మారితేనే పిల్లలు గట్టిగా వత్తాయి.”

“మరి కోడికి ఒద్దా? తాతల నాడు ఇంటికో రకం పుంజు ఉండేది. ఎర్రది, నల్లది, మెడకి ఈకలు నేనిది. ఏది ఏ పెరట్లో దూరేదో ఎవుడికీ తెలిసేది కాదు. ఎవులూ సూడక్కర్నేకపోయింది. ఇప్పుడు అన్నీ కోసుకు తినీసి అందరూ ఒక్క పుంజు కొడుకుల్నే ఉంచారు.”

గాసి చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. “నీలేని ఇంటిది కాని పుంజు ఎవులింట్లో ఉందో సెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. గాసి చెయ్యీ లేవలేదు.

“ఇది తెలివిగా తప్పించుకోడానికి సెప్పినదైతే?” అన్నాడు తాతారావు మెల్లగా. వాడి మాటలో ఇప్పుడు బలం లేదు గానీ, ఆ మాట పడగానే ఇద్దరు ముగ్గురు తలలూపారు. భయం ఒకసారి పట్టిందంటే అంత త్వరగా వదలదు.

అప్పుడు గాయత్రి లేచింది. ఇంటి కోడలు కూడికలో నోరెత్తడం ఆ ఊళ్ళో లేదు. గోడ పట్టుకుని నిలబడి, గాసి వైపు చూడకుండా అత్త వైపు చూస్తూ మాట్లాడింది.

“అత్తా, మా కన్నోరింటినించి నాను తెచ్చుకున్న నల్లపెట్ట ఉంది కదా.”

పెళ్ళికి గాయత్రి పాచిపెంట పక్కనుంచి చంకలో పెట్టుకు తెచ్చుకున్న పెట్ట అది. చిన్నది. దాని గుడ్లు నిమ్మకాయలంత ఉంటాయి. మంచి రకం కాదని నీలవేణి దానికి తవుడు కూడా లెక్కగానే వేసేది.

“అది పోయిన నెల్లో తొమ్మిది గుడ్లు పొదిగింది. తొమ్మిదీ దిగాయి. తొమ్మిదీ పరుగులు పెడతన్నాయి. ఆ పొదుగు కూకోబెట్టిన్నాడు కూడా ముసలమ్మ మనింట్లోనే ఉంది అత్తా. నా పక్కనే. గంపలో గడ్డి ఆవిడే పరిసింది.”

ఆ మాట అందరిలో మెల్లగా ఇంకింది. పెరడు అదే. పుంజు అదే. చూసిన కళ్ళూ అవే. వేరైంది ఒక్క తల్లి.

 గాసి లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “సిల్లంగీ నేదు, ఏటీ నేదు. కూడిక అయిపోనాది. ఎల్లండి.”

అంతే. తప్పయిందని ఎవరూ అనలేదు. ఒక్కరూ యర్రమ్మ మొహం చూడలేదు. చప్పుడు చేయకుండా లేచి, ఎవరి పెరళ్ళలోకి వాళ్ళు పరుగులాంటి నడకతో పోయారు. రెండు నిమిషాల్లో వాకిలి ఖాళీ అయింది. మధ్యలో మూట పక్కన యర్రమ్మ అలాగే కూర్చుని ఉంది.

నీలవేణి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. 

“నాను ఆ మాట అన్నేదు పెద్దత్తా. నువ్వు నిలబడ్డావన్నాను అంతే.”

“తెలుసు.”

“కానీ కాదని కూడా అన్నేదు.”

“అదీ తెలుసు.”

“ఆ పొద్దు దడి కాడ అంతసేపు ఎందుకు సూసావు?”

యర్రమ్మ మూట ముడి సర్దుకుంది. “పుంజునీ పెట్టనీ సూసాను. రెండింటికీ ఒకటే మెడ, ఒకటే కాలు. సెపుదామనే వచ్చాను. ఎదురు నిలబడకు పో అన్నావు. వచ్చీసాను.”

నీలవేణికి ఏడుపు కూడా రాలేదు. ఆ పొద్దున ఒక్క నిమిషం ఆగి ఏటి పెద్దత్తా అని ఉంటే, పదమూడు గుడ్లూ ఇంట్లో కూర అయ్యేవి. ఈ ముసలిదాని నెత్తిమీద కప్పు ఉండేది.

“మా ఇంటికి రా పెద్దత్తా. నా దగ్గరే ఉండు.”

“నీ ఇంటికి నానెందుకు వత్తాను? నాకు ఇల్లు నేదా?” ముసలిది మోకాళ్ళమీద చేతులు ఊనుకుని లేచింది. “ఎలిపోదామనే మూట కట్టాను. ఇప్పుడు ఎల్లను. ఎల్తే నిజమే అనుకుంటారు. నా ఇల్లు నాకు కప్పించు. అంతే నాను అడిగీది.”

యర్రమ్మ ఇల్లు ఊరి చివర్న ఉంది. ముందు వైపు కప్పు సగం దాకా దూలాలు బయటపడి ఉన్నాయి. దింపిన పెంకులు వాకిట్లో గుట్ట పడున్నాయి, కొన్ని ముక్కలయ్యాయి. పొయ్యి మీద మట్టికుండలో రాత్రి తాగడానికి కాచిపెట్టుకున్న చోడి అంబలి అలాగే ఉంది, దానిలో పెంకు మసి రాలి నల్లగా తేలుతోంది.

నీలవేణి చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపి నిచ్చెన వేసుకుని ఎక్కింది. ఆడది కప్పు ఎక్కడం ఎవరూ ఎరగరు. ఎదురింటి వాళ్ళు తలుపు సందులోంచి చూశారు. కాసేపటికి తాతారావు వచ్చాడు. గుట్టలోంచి పెంకులు తీసి పైకి అందించడం మొదలుపెట్టాడు.

“ఒరే, ఆ పగిలినది అందించకు. పగలగొట్టినోడివి నువ్వే, నీ ఇంటినించి మంచిది తే,” అంది యర్రమ్మ కిందనించి.

వాడు ఇంటికి వెళ్ళి పది పెంకులు మోసుకొచ్చాడు.

“సిన్న జవానుని కోసెయ్యమంటావా పెద్దత్తా?” పైనించి నీలవేణి అడిగింది.

“అదేటి పాపం సేసింది? నల్లపెట్టతో ఉంచు. దాని కూతుళ్ళ కాడికి మటుకు పోనియ్యకు. మిగతా పెట్టలకి పాచిపెంట సంతనుంచి ఇంకో పుంజుని తే. సూసి తే. కిలోలు సూడకు.”

“గాయత్రికి గుడ్లు?”

“పాత పెట్టలు పెడతన్నాయి కదే! తినడానికి అన్నాసెల్లెళ్ళైతే ఏటి? పొదగడానికే పనికిరావు. కూకోబెట్టకు, కోడలికి ఉడకేసి ఎట్టు.”

మూడు వరసలు పరిచేసరికి నీలవేణి నడుం పట్టేసి కొంచెం నిటారుగా నిలబడింది. ఆ ఎత్తులోంచి ఊరంతా కనబడుతోంది. కాఫీ తోటల అంచున మెట్లు మెట్లుగా ఇళ్ళు, ఇంటింటికీ దడి కట్టిన పెరడు. ఇన్నాళ్ళూ ఒక్కొక్క పెరడే చూసింది గానీ, అన్నింటినీ ఒక్కసారిగా పైనుంచి ఎన్నడూ చూడలేదు.

గాసి పెరట్లో ఒక పుంజు నడుస్తోంది. ఎర్రటి మెడ, నల్ల తోక, కుడికాలు కాస్త ఎత్తి. దాని పక్క పెరట్లో ఇంకోటి. కొళాయి పక్కన ఇంకోటి. తాతారావు దడి మీదికి ఎగిరి ఒకటి కూసింది. దానికి కింది వరస ఇళ్ళలోంచి ఒకటి, పై వరసలోంచి ఒకటి, అదే గొంతుతో బదులిచ్చాయి. ఎటు చూసినా అదే మెడ, అదే తోక, అదే కాలు. నిన్నటిదాకా ఇలాంటిది ఒక్కటి కనబడితే మా ఇంటిదే అని పొంగిపోయేది. ఇప్పుడు ఇరవై ఆరు పెరళ్ళలోనూ ఒకటే కోడి తిరుగుతోంది. 

“ఏటే, అక్కడే బిగుసుకుపోయావు?” కిందనించి యర్రమ్మ అరిచింది. “పెంకు అందుకో. వాడి సేతులు పడిపోతన్నాయి.”

నీలవేణి కిందికి వంగి చెయ్యి చాపింది.